కృష్ణమ్మకు పెట్టిన పచ్చ రైక

"కృష్ణమ్మ రైక తొడుక్కుంటదా అత్తమ్మా?"

"నోరు మూస్కో పిల్లా! మొక్కు మొక్కిన."

"మొక్కింది నువ్వు. రైక నాదెందుకు?"

"నాయన్నీ పాతయి గద! పాతది పెడితే తల్లికి కోపమొస్తది."

శ్రీశైలం డ్యాం చూడటానికి బస్సులో పోతూ, నల్లమల కొండల మలుపుల్లో మా అత్తమ్మా నేనూ ఇలా పోట్లాడుకున్నాం. మా ఆయన మాత్రం అడవిలో పులి కనిపిస్తుందేమోనని కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. (ఇటువైపు రెండు పులులున్నాయని ఆయనకు తెలుసు.)

ఆ రోజుల్లో కొత్త కోడలికి తనదంటూ ఉండేది ఒక్క ట్రంకుపెట్టె. నా పెట్టెలో పుట్టింటివాళ్ళు పెట్టిన పచ్చ రైక గుడ్డ ఉండేది. బడిలో నేను చదివింది మూడో తరగతే గానీ, బట్ట విలువ బాగానే చదువుకున్నాను. పండక్కి కుట్టించుకుందామని దాచుకుంటే, ఇబ్రహీంపట్నంలో మా పొలం బావిలో నీళ్ళు పడ్డాయి. నీళ్ళు పడితే కృష్ణమ్మకు కొత్త రైక పెడతానని అత్తమ్మ అంతకుముందే మొక్కుకుంది. ఎవరి రైకో మాత్రం ఆ తల్లికి చెప్పలేదు.

పాతాళగంగ మెట్లు దిగి, పసుపు కుంకుమ చల్లి, అత్తమ్మ రైకను నీళ్ళలో వదిలింది. డ్యాం వెనక నిలబడ్డ నీళ్ళు, ఎక్కడికని పోతాయి? రైక కాస్త దూరం తేలి, అలతో పాటు నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. అత్తమ్మ తోసింది. మళ్ళీ వచ్చింది. నా సంతోషం అంతా ఇంతా కాదు.

"చూసినవా అత్తమ్మా, కృష్ణమ్మ వద్దంటున్నది. నాకే ఇయ్యమంటున్నది."

అత్తమ్మ రైకను నీళ్ళలోంచి తీసి పిండింది. "అవ్ బిడ్డా, పచ్చది నచ్చనట్టుంది. నీ పెట్టెల ఎర్రది గూడ ఉన్నది గద?"

"వద్దత్తమ్మా! పచ్చదే మస్తుగుంది. రేపు డ్యాం కింద పారే నీళ్ళల్ల ఇడుద్దాం" అన్నాను గబగబా. మా ఆయన అప్పుడు నవ్వాడు. (ఇల్లు చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు.)

చీకటి పడితే అడవిలో బస్సులు నడవవని సత్రంలో ఆగాం. తడి రైకను పక్కనే ఆరేసుకుని పడుకున్నాను. ఇప్పుడు నా బీరువా నిండా పేరంటాల్లో పెట్టిన రైక గుడ్డలే; కుట్టించను, ఎవరికీ ఇవ్వను. ఇంతటి పిసినారి ముసలిదాన్ని, ఆనాడు ఒక్క రైక కోసం నదితోనే తగువుకు దిగానని తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

మరునాడు పొద్దున తొలి బస్సు డ్యాం కింద వంతెన దగ్గర ఆగింది. గేట్లు ఎత్తారు, నీళ్ళ మోతలో మాట వినపడలేదు. అత్తమ్మ రైకను నా చేతిలోనే పెట్టింది. వదిలేశాను. తెల్లటి నురుగులో ఒక్కసారి పచ్చగా మెరిసి పోయింది. నా ముఖం నీటి తుంపర్లకు తడిసిందనుకుని, అత్తమ్మ తన కొంగుతో తుడిచింది.