అరుగంతా తిరిగిన మందు సీసా

ఈ సంగతి నేను ఇంతకుముందు రాయలేకపోయాను. నాకు అక్షరాలు వచ్చేవి కావు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో, బడికి పంపే వయసులోనే నా ఒళ్లో బీడీల చాట పెట్టారు. కోరుట్లకు కోడలిగా వస్తే ఆ చాట అక్కడికీ వచ్చింది. సిరిసిల్లలో కొడుకు దగ్గర చేరాక, తల నెరిశాక, మా కోడలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఏం రాయాలని అడిగితే, "మీకేది యాదికొస్తే గది రాయుండ్రి అత్తమ్మా" అంది. నాకు మా అత్త కన్ను గుర్తుకొచ్చింది.

కోరుట్లలో పొద్దున్నే వాడకట్టు ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరేవాళ్లు. గోడకు ఆనుకుని మూలన అత్త. ఒకరికి ఆకు తక్కువైతే పక్కామె చాటలోంచి తీసుకోవడమే, అడిగే పని లేదు. నానిన తునికాకు వాసన, తంబాకు ఘాటుకు వరసగా వచ్చే తుమ్ములు, తుమ్మినామెను అందరూ ఆట పట్టించడం. ఇప్పటికీ ఎక్కడైనా తంబాకు వాసన తగిలితే నాకు ఆ అరుగే కనిపిస్తుంది.

ఒకరోజు పొద్దున అత్త కుడి కన్ను పుసులతో అతుక్కుపోయింది. తంబాకు చేత్తోనే నలుపుకుంది. ఎదురింటి బాలింత చేత చనుబాలు పిండించుకుని వేయించుకుంది. తగ్గలేదు. వెలుతురు చూడలేని దాకా వచ్చాక జగిత్యాల బస్సు ఎక్కించాను. కంట్లో చీము పట్టిందని డాక్టరమ్మ చుక్కల మందు రాసింది.

ఆ మందు చల్లగా ఉండేది. కంట్లో పడగానే అత్త "అబ్బ, పానం లేచొచ్చింది" అనేది. అది విని పక్కామె మొహం ముందుకు చాపింది.

"పెద్దమ్మా, నాకో సుక్క ఎయ్యవా? పొద్దటి సంది కండ్లు మండుతున్నయ్."

"మండయా మరి? రాత్రంతా మొగణ్ణి ఉరిమి ఉరిమి సూస్తివి గదా!" అంటూనే అత్త వేసింది.

అరుగంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరి కళ్లు మండినా సీసా వాళ్ల చేతికి వెళ్లేది. ఒకరి రెప్పకు తగిలి, ఇంకొకరి రెప్పకు తగిలి, తిరిగి అత్త చాట పక్కకు చేరేది. ఆకు ఇచ్చినట్టే, దారం ఇచ్చినట్టే.

కొన్నాళ్లకు అరుగు మీద సగం మందికి కళ్లు ఎర్రబడ్డాయి. అత్తకు నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ మొదలైంది. మళ్లీ జగిత్యాల వెళ్లాం.

"ఈ మందు ఇంకెవరన్న ఏసుకున్నరా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అరుగు మీదోళ్లే. బయటోళ్లు గాదు" అంది అత్త.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఒకరి సీసా ఒకరికే అమ్మా. ఆ మచ్చ పెరిగితే కన్ను కనబడది. కొత్త మందు రాస్తున్న. సబ్బుతోని చేతులు కడుక్కొనే ఎయ్యాలె. సీసా మూతి కంటికి తాకొద్దు. ఎరుపు పోయిందని నడుమల ఆపొద్దు. తంబాకు ముట్టనే వద్దు" అంది.

తిరుగు బస్సులో అత్త మందు చీటీని కొంగున ముడేసుకుంది. తర్వాత, "అడిగితే ఇయ్యనంటె ఎట్లనే బిడ్డ? ఆళ్ల నడుమ ఏ మొకం పెట్టుకొని కూసోవాలె?" అంది.

"నువ్వు అనకు. నేనే అంట."

"నిన్ను తిడ్తరు."

"తిట్టనియ్ అత్తా. కన్నైతే ఉంటది గదా."

ఆ కన్ను దక్కింది. మచ్చ మసకగా మిగిలినా, అత్త తను పోయేదాకా ఆ కంటితోనే నా తలలో తెల్ల వెంట్రుకలు వెతికి వెక్కిరించేది. ఇప్పుడు ఆమె లేదు, ఆ అరుగు మీద బీడీలు చేసేవాళ్లూ లేరు.

ఆ బస్సు దిగిన మరునాడు పొద్దున్నే లేచి, గోళ్ల సందుల్లోని తంబాకు పోయేదాకా సబ్బుతో చేతులు రుద్దుకున్నాను. అత్తను లోపలి మంచం మీద పడుకోబెట్టి, సీసా తాకకుండా ఒక చుక్క వేశాను. సీసాను దూలం సందున పెట్టాను. అత్త చాటలోని తంబాకు నా చాటలో పోసుకుని, ఎవరూ రాకముందే ఎదురింటి అరుగు మీదికి పోయాను. వచ్చినవాళ్లతో, "ఇయ్యాల్టి నుంచి మన కూసునుడు ఈడనే. కండ్లు ఎర్రగైనోళ్లు జగిత్యాలకు నడువుండ్రి, నేనూ వస్త" అన్నాను. ఒకామె మూతి తిప్పింది. సీసా కోసం ఎవరు లోపలికి పోయినా కనబడాలని నేను మా గుమ్మం వైపు తిరిగి కూర్చుని, ఆకు చేతిలోకి తీసుకున్నాను.