బావ చొక్కాకు పట్టించిన పెట్రోలు

నిండు పెళ్లిచూపులను చెంబెడు నీళ్లతో ఎలా ముంచాలో తెలుసుకోవాలంటే నన్నే అడగాలి. ఆ విద్యలో నా గురువు సాలూరు గ్రంథాలయంలోని కర్బన రసాయనశాస్త్రం పుస్తకం. అట్ట ఊడిన ఆ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ తీసేవారు కాదు. అది కూడా అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మా మేనత్త కొడుకు సింహాచలం బావది లారీ. ఇంటిపట్టున ఉండడని అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది గరివిడి దగ్గర. తెల్ల చొక్కా తొడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లారీలోనే బయలుదేరాడు. దారిలో ఏదో చప్పుడైంది. తాను పెళ్లికొడుకునన్న సంగతి మరిచి బండి కిందికి దూరాడు. బయటికొచ్చేసరికి పొట్ట మీద అరచేయంత గ్రీజు.

"అయిపోనాదిరా. ఇది కూడా పోనాది" అంటూ లారీ మెట్టు మీద కూలబడ్డాడు.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చదివినదంతా వాడుకునే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది చెప్పండి? గ్రీజూ పెట్రోలూ ఒకే ముడిచమురు కడుపున పుట్టాయని, చుట్టాన్ని చూడగానే గ్రీజు చొక్కాను వదిలేసి దాని వెంట పోతుందని వివరించాను.

"డీజిలు ఉన్నాది కదరా. అది సాలదేటి?"

చాలదన్నాను. ముడిచమురును కాస్తే తేలికైన పెట్రోలు పైకి పోతుంది, దాని కింద కిరోసిన్, ఆ కింద డీజిలు, అట్టడుగున మనం నిలబడ్డ రోడ్డు మీది తారు. బరువైన డీజిలు బట్టను పట్టుకుని వేలాడుతుంది, పెట్రోలు ఇట్టే ఎగిరిపోతుంది. దారిన పోయే మోటారుసైకిలాయనను బతిమాలి సీసాడు తీసుకుని చొక్కాకు పట్టించాను. నిజం చెప్పాలి, మరక పోయింది. వాసన పోవడానికి కాస్త ఆరబెట్టాలన్న ముక్క మాత్రం నేను చదవకుండా పేజీ తిప్పేసినట్టున్నాను.

పిల్లవారింట్లో చాప మీద కూర్చున్నామో లేదో, పిల్ల తండ్రి గాలి పీల్చి, "బండి ట్యాంకు గానీ కారతన్నాదేటి బాబూ?" అన్నాడు. మాట మార్చాలని నేను ఐసోమర్లు అందుకున్నాను. అవే పరమాణువులు, అదే లెక్క, అమరిక మాత్రం వేరు. బ్యూటేన్‌లో నాలుగు కర్బనాలు వరుసగా నిలబడితే, ఐసోబ్యూటేన్‌లో ఒకటి పక్కకు కొమ్మేస్తుంది. అర్థం కావడానికి పళ్లెంలోని లడ్డూలు పేర్చి మరీ చూపించాను.

"అవి తినీవి బాబూ, పేర్సీవి కావు" అంది పిల్ల నాయనమ్మ.

బావ వినయం ఆవిడకు నచ్చింది. దిష్టి తీస్తానంటూ పళ్లెంలో కర్పూరం వెలిగించి నేరుగా అతని వైపు నడిచింది. ఆ చొక్కా కర్పూరం కంటే గొప్పగా వెలుగుతుందని అక్కడ నాకూ బావకూ తప్ప ఎవరికి తెలుసు? బావ కళ్లు మూసుకున్నాడు. నేను మంచినీళ్ల చెంబు లాక్కుని కర్పూరం మీద, నాయనమ్మ మీద, బావ మీద కుమ్మరించేశాను.

వెలిగించిన కర్పూరాన్ని పెళ్లికొడుకు వెంట వచ్చిన చుట్టమే ఆర్పేశాడు. ఇక శకునాల మాట చెప్పాలా? బావ నీళ్లోడుతూనే జరిగింది జరిగినట్టు చెప్పేసి, చెప్పులు వెతుక్కోబోయాడు. అప్పుడు లోపలి గుమ్మం దగ్గర పెళ్లికూతురు సత్యవతి నవ్వు వినిపించింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు.

"నాకు ఈయన నచ్చినాడు నాన్నా. ఆ సదువుకున్నాయన్ని మాత్రం పెల్లిలో హోమం దగ్గరికి రానీకండి."

రానివ్వలేదు. మంగళసూత్రం కట్టే వేళ నన్ను పందిరి బయట లారీలో కూర్చోబెట్టారు, నీళ్ల బిందె అందనంత దూరంలో. ఇప్పటికీ సత్యవతక్క నేనెక్కడున్నానో చూసుకున్నాకే దీపానికి అగ్గిపుల్ల గీస్తుంది.

కనుక ఆ పుస్తకం అట్ట మీద, అట్ట లేదు కాబట్టి మొదటి పేజీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి చొక్కానూ రసాయనశాస్త్రంతో ఉతకను. ఉతికినా, పేజీ చివరిదాకా చదివాకే.