క్లెయిమ్ వేయించిన పక్క ఫ్లాట్ ఆంటీ

మా పక్క ఫ్లాట్ ఆంటీ పోయారని ఒక సోమవారం పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను పనికి వెళుతూ బస్సులో ఉన్నాను. తర్వాతి స్టాపులో దిగిపోయి, ఎటు వెళ్లాలో తోచక కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇవాళ నాకు వెళ్లడానికి ఒక ఆఫీసంటూ ఉందంటే అందులో ఆవిడ చలవ చాలా ఉంది.

రెండేళ్ల క్రితం బర్మింగ్‌హామ్‌లో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ మా టీమ్ మొత్తాన్నీ తీసేసింది. ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి నాకు అప్పటికే వచ్చింది. ఇంట్లో నేనూ, తొమ్మిదేళ్ల నా కూతురూ అంతే. దానికి చెప్పలేకపోయాను. రోజూ ఆఫీసు బట్టలు వేసుకుని, దాన్ని స్కూల్లో దింపి, సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చునేదాన్ని. మూడో వారంలో, పేపర్ చదువుకోవడానికి వచ్చిన ఆంటీ నన్ను చూశారు. ఏమీ అడగకుండా బయట మెట్ల మీదికి తీసుకెళ్లి, ఫ్లాస్కులోంచి శొంఠి టీ పోసిచ్చారు. నేను తాగడం అయ్యాక, "క్లెయిమ్ వేశావా?" అన్నారు.

పని లేనివాళ్లకు ప్రభుత్వమిచ్చే భృతి, ఆ బెనిఫిట్ల మీద బతికేంత దిగజారలేదన్నాను.

"బట్టల ఫ్యాక్టరీ మూసేసినప్పుడు నేను తీసుకున్నానమ్మాయ్. అప్పటికే మీ అంకుల్ మంచాన పడ్డారు. నేను దిగజారానా?"

ఆవిడది ఒంగోలు దగ్గర ఊరు. కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు.

"ఇన్నేళ్లూ నీ జీతంలోంచి పన్నూ బీమా కోశారుగా. అడగందే అమ్మైనా పెట్టదు. లే," అన్నారు.

ఆ మధ్యాహ్నమే వాళ్ల వంటింట్లో కూర్చుని ఆన్‌లైన్ ఫారం నింపాం. ఉద్యోగం ఎందుకు పోయిందన్న గడి దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. జరిగింది రాయమన్నారు, కథలొద్దన్నారు. మొదటి డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుందని చెప్పి, ఇంటి పన్ను తగ్గించమని సిటీ కౌన్సిల్‌కు కూడా అప్పుడే రాయించారు. పాపకు నిజం చెప్పమన్నారు. చెబితే అది, అయితే ఇక రోజూ నువ్వే పికప్‌కి వస్తావా అని ఇంగ్లీషులో అడిగింది, సంతోషంగా.

ఈ క్లెయిములు చూసే ప్రభుత్వ ఆఫీసు, జాబ్ సెంటర్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు ఆంటీ తోడొచ్చారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం తలుపు రెండుసార్లు తట్టేవారు. దారం కట్టిన కళ్లజోడు పెట్టుకుని, ఆ రోజు ఎక్కడెక్కడ అప్లై చేశానో, ఎవరేమన్నారో నోటుబుక్‌లోంచి చదివించుకునేవారు. విసుగొచ్చిన రోజులున్నాయి. ఒకసారి తట్టినా తలుపు తీయలేదు. మర్నాడు కూడా వచ్చారు.

చలికాలంలో పాపకు జ్వరమొచ్చి క్లినిక్‌కు పరుగెత్తిన రోజున, జాబ్ సెంటర్ అపాయింట్‌మెంట్ సంగతే మరిచిపోయాను. రానందుకు భృతిలో కోత పెడుతున్నామని వాళ్ల నుంచి సందేశం వచ్చింది. ఇక ఇవన్నీ నావల్ల కాదన్నాను. మళ్లీ పరిశీలించమని అడిగే హక్కు ఉందిగా అని ఆంటీ కాగితం ముందు పెట్టారు.

"మర్చిపోవడం నీ తప్పు, ఒప్పుకో. కారణం ఉంది, చెప్పు. ఏడుపు మాత్రం రాయొద్దు."

మూడుసార్లు తిరగరాయించారు. క్లినిక్ వాళ్లిచ్చిన కాగితం జతచేసి పంపాం. కోత ఎత్తేశారు.

వసంతంలో ఒక హాస్పిటల్ కంప్యూటర్ విభాగంలో పని దొరికింది. పాత జీతం కాదు, కానీ నా పని. పరుగున వెళ్లి చెబితే ఆంటీ నన్ను దగ్గరకు తీసుకున్నారు. వెంటనే, పని దొరికిందని క్లెయిమ్‌లో రాశావా లేదా అని అడిగారు. రాసేదాకా నేను తెచ్చిన స్వీటు ముట్టుకోలేదు.

ఆ సోమవారం ఫోన్ వచ్చాక రెండు వారాలకు గానీ ఆంటీ అంత్యక్రియలకు తేదీ దొరకలేదు. వెళితే హాల్లో కుర్చీలు చాలలేదు. గోడల వెంట తడి గొడుగులతో నిలబడ్డవాళ్లలో సగంమంది నాకు తెలియదు. ఒక్కొక్కరినీ పలకరిస్తే అర్థమైంది, అందరినీ ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ జాబ్ సెంటర్‌కు వెంటబెట్టుకెళ్లారు. టేకవే హోటల్లో పని పోయిన ఒకావిడ మాత్రం, ఈ గురువారం జాబ్ సెంటర్‌కు తనతో వస్తానని ఆంటీ మాటిచ్చారని చెప్పింది.

"గురువారం నేనొస్తాను," అన్నాను.

వెళ్లాను. బస్సు పై అంతస్తులో ముందు సీటులో కూర్చున్నాం. అద్దం మీద వాన కొడుతోంది. ఆమె ఒళ్లోని కాగితాల మీద రెండు చేతులూ గట్టిగా బోర్లించి, దిగాల్సిన స్టాపు కోసం ముందుకు వంగి చూస్తోంది.