పెండ్లిచీరకు ఎవరు కొంగు పట్టాలి?

ఈ ప్రయాణం ఒక ఫోనుతో మొదలైంది. మా చెల్లెలు రత్నమ్మ మనవరాలు భార్గవికి పెండ్లి కుదిరి, చీర ధర్మవరంలో ఒక నేతవాళ్ళ ఇంట్లో మగ్గం మీద ఉంది. మా ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పెండ్లిచీర మగ్గం దిగేరోజున పెండ్లికూతురి తరఫు ముత్తైదువ ఒకామె వెళ్ళి కొంగు పట్టి అందుకోవాలి. పిల్ల తల్లికి బెంగుళూరు గార్మెంట్సులో సెలవు దొరకలేదు. నా భార్య వెళ్దామనుకుంటే మోకాలు వాచింది. రత్నమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. అప్పుడు భార్గవి నాకు ఫోను చేసింది. "తాతా, నన్ను సాకింది అవ్వ. ఆ చీర అవ్వే అందుకోవల్ల. నేను చెప్తే వినదు. నీకు మాటలు బాగా వస్తాయి గదా, నువ్వు ఒప్పించు." అది పొగడ్తో ఎత్తిపొడుపో నేను అడగలేదు. రత్నమ్మ మాత్రం ముందే తేల్చేసింది. "నీకు తోడు వస్తాలే అన్నా. ఆడ పక్కింటామె ఎవరన్నా ఉంటే ఆయమ్మ చేతికి ఇప్పిద్దాం. నేను గడప అవతల నిలబడతా."

పొద్దున ఏడింటికి హిందూపురం బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిని పెనుకొండ బస్సెక్కాం. సోమందేపల్లి మీదుగా గంట పైచిలుకు ప్రయాణం. రైలు కూడా ఉంది, కానీ బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు ఉచితమన్న సంగతి మా చెల్లెలు మరచిపోదు. కండక్టరు ఆధారు కార్డు చూసి సున్నా రూపాయల టికెట్టు చింపి ఇస్తే దాన్ని భద్రంగా సంచిలో పెట్టుకుంది. "నువ్వు దుడ్లు కట్టు. మొగోడు గదా" అని నా వైపు తిరిగి నవ్వింది. నేను అవకాశం వదలలేదు. "చూడు, ఆ కండక్టరు నిన్ను ముత్తైదువవా కాదా అని అడిగినాడా? కార్డులో ఆడమనిషి అనుంటే చాలు" అన్నాను. "బస్సు వేరే, చీర వేరే" అంది. మొదటి ప్రయత్నం సోమందేపల్లి చేరకముందే ముగిసింది.

పెనుకొండలో ఆగింది రత్నమ్మ కోసమే. బాబయ్య దర్గాలో చక్కెర చదివిస్తానని ఆమె మొక్కుకుంది. మస్తాన్ అనే నలభై ఏళ్ళ మనిషి ఆటో మాట్లాడుకున్నాం. దర్గా, గగన్‌మహల్, మళ్ళీ బస్టాండు, మొత్తం మూడు వందలు. మలుపులో ఒక కుర్రవాడు స్కూటరు అడ్డం తెచ్చాడు. మస్తాన్ తల బయటపెట్టి, "ఏం వెధవ్వురా నువ్వు, యాడ చూస్తాండావు?" అన్నాడు. ఇక నా నోరు ఊరుకోలేదు. వెధవ అన్నమాట విధవ నుంచి వచ్చిందని, ఒకప్పుడు భర్త పోయిన ఆడమనిషికి చెప్పిన మాట మెల్లగా తిట్టుగా మారి, తిరిగి తిరిగి చివరికి మగపిల్లల నెత్తిన పడిందని, ఇప్పుడు ముద్దు వచ్చినా మనవణ్ణి అదే మాటతో పిలుస్తామని చెప్పాను. బళ్ళో అయిదో తరగతితో ఆగిపోయినా, పొట్లాలు కట్టిన కాగితాల దగ్గర్నుంచి నిఘంటువు దాకా దొరికినదల్లా చదివినవాణ్ణి. ఇట్లాంటివి దొరికితే వదలను. మస్తాన్ నాలుక కరుచుకున్నాడు. "తెలీక అన్న్యా అమ్మా, ఏమనుకోవద్దు." రత్నమ్మ నవ్వింది. "ఏం లేదు నాయనా. ఆ మాట మొగోళ్ళకు పోయిందంటే మాకు పీడ వదిలినట్లే గదా."

దర్గాలో ఆమె చక్కెర పొట్లం ఇచ్చింది, అక్కడివాళ్ళు దాని మీద ఫాతిహా చదివి చేతిలో పెట్టారు. ఆమె నుదురు వైపు ఎవరూ చూడలేదు. బయటికొచ్చాక కొండ దారి పక్కన ఒక రాయి కనిపించింది. ఒక స్త్రీ బొమ్మ, పైకెత్తిన చెయ్యి, చేతినిండా గాజులు. ఎవరో పసుపు పూశారు. భర్త చితి మీద తానూ కాలిపోయిన ఆమెకు ఇట్లా రాయి నిలిపేవారనీ, అట్లా పోయినామెను పేరంటాలు అని మొక్కేవారనీ రత్నమ్మతో చెప్పాను. ఇప్పుడు పేరంటాలంటే పసుపు కుంకుమలకు మనం ఇంటికి పిలిచే ఆమె. రత్నమ్మ ఆ రాతి చేతి గాజులను వేలితో తడిమింది.

"అయితే కాలిపోయినామెకు ఆ పేరు దక్కె" అంది. "పిల్లోళ్ళను సాకుదామని బతికినామెను మాత్రం పేరంటానికి పిలవరు. బాగుండాది."

ఒప్పించే పని అక్కడితో అయిపోయిందని నేను సంతోషపడ్డాను. ఆటో ఎక్కుతూ ఆమె, "అయినా పిల్ల పెండ్లిలో ఏమన్నా అయితే నన్నే అంటారు అన్నా. నేను గడప అవతలే" అంది. భయానికి నిఘంటువులో మందు లేదు.

పెనుకొండలో రాగిసంగటి, పప్పు తిని ధర్మవరం బస్సెక్కాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి నేతవాళ్ళ వీధిలో ఉన్నాం. ప్రతి గడప లోంచీ మగ్గం చప్పుడే. మేము వెళ్ళిన ఇంట్లో లక్ష్మీదేవి, ఆమె భర్త ఇద్దరూ నేస్తారు. చీర చివరి వరుసలో ఉంది. మెరూన్ రంగు, ఆకుపచ్చ అంచు. గోడవార ఒక ముసలామె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లక్ష్మీదేవి అత్త ఓబుళమ్మ. మగ్గం మీద అడ్డంగా ఆడే పోగు ఆ కండెల నుంచే వస్తుంది.

లక్ష్మీదేవి భర్త చీర కోసి దించాడు. ఆమె పసుపు కుంకుమల పళ్ళెంలో దాన్ని పెట్టుకుని మా వైపు చూసింది. "ఎవరమ్మా, కొంగు పట్టేది? నేసినోళ్ళం మేం పట్టకూడదు." రత్నమ్మ గడప అవతలే ఉంది. పక్కింటామె ఉందేమో చూడమన్నాను. సంతకు పోయిందట. ఎదురింటికి తాళం. లక్ష్మీదేవి పళ్ళెంతో నిలబడే ఉంది. నేను మళ్ళీ ఏదో మాట ఎత్తబోయాను.

"నువ్వుండన్నా" అంది రత్నమ్మ. తర్వాత ఓబుళమ్మను అడిగింది. "అవ్వా, ఈ చీరకు కండెలు ఎవరు చుట్టినారు?"

"ఇంకెవరు, నేనే. ఈ ఇంట్లో ఇంగెవరికి చేతనవుతాది? నా కోడలు చుడితే పోగు జారిపోతాది."

"నువ్వు పక్కన కూర్చోని చూస్తాంటే జారక ఏమవుతాది" అంది లక్ష్మీదేవి.

"అన్ని పెండ్లిచీరలకూ నువ్వేనా?" రత్నమ్మ మళ్ళీ అడిగింది.

"మా ఆయన పోయినప్పటి నుంచీ ఇదే పని. చూపు ఆనకపోయినా చెయ్యి ఆగదు." రాట్నం తిప్పుతూనే ఉంది. "ఏం, పోగు ఏమన్నా తెగినాదా?"

"లేదు" అంది రత్నమ్మ. "ఏం తెగల్యా."

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. పైట కొంగు నడుం నుంచి తీసి రెండు చేతులా పరిచి పట్టింది. "ఇయ్యమ్మా" అంది లక్ష్మీదేవితో. లక్ష్మీదేవి ఒక్క క్షణం అత్త వైపు చూసి, చీరను ఆ కొంగులో పెట్టింది. బొట్టు పెట్టడానికి చెయ్యి చాచి ఆగింది. రత్నమ్మే ముఖం కొంచెం ముందుకు వంచింది.

తిరుగు బస్సులో చీర ఆమె ఒళ్ళోనే ఉంది. భార్గవికి ఫోను చేసి ఇచ్చాను. "అందుకున్న్యా పాపా" అని మాత్రం చెప్పి నా చేతికిచ్చేసింది. "ఎట్లా ఒప్పించినావు తాతా?" అని ఆ పిల్ల అడిగింది. నేను ఒప్పించలేదని నిజమే చెప్పాను.

మాటలు నది గుండ్రాళ్ళలాంటివి, దొర్లి దొర్లి ఆకారం మారతాయి. ఎవరిదో శోకం ఇంకెవరికో తిట్టవుతుంది, చితి మీద పేరు తాంబూలం దగ్గరికి వస్తుంది. వాటి వెంట పరుగెత్తడం నా సరదా. కానీ అవి మారేదాకా కాచుకోవాలంటే ఆడపిల్లల పెండ్లిళ్ళు అయిపోతాయి. ఆ రోజు మా చెల్లెలు కాచుకోలేదు. అందుకు ఆమెకూ, తలెత్తకుండా రాట్నం తిప్పిన ఓబుళమ్మకూ, పట్టుబట్టి ఫోను చేసిన ఆ పిల్లకూ నేను ఋణపడి ఉన్నాను.

ధర్మవరంలో చీర నేయించుకునేవారికి ఒక మాట: దుకాణంలో కొనకుండా నేతవాళ్ళ ఇంటికే వెళ్ళండి, చీర దించే రోజు ముందే అడిగి తెలుసుకోండి. వెళ్ళేటప్పుడు పూలు, పండ్లు నేసినామెకు ఒక జత తీసుకెళ్తారు కదా, కండెలు చుట్టినామెకు ఇంకొక జత తీసుకెళ్ళండి.