కత్తి పడ్డ ముఖాలు

శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలమ్మే ఆడవాళ్లను చాలాకాలం ఫొటోలు తీశాను. వాటిని నిలువెత్తు ప్రింట్లు వేసి, వాళ్లు కూర్చునే చోటే ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రహరీకి అంటించాను. ఆ గోడ కట్టాకే చెరువులోకి దిగే బాట మూసుకుపోయింది. అందరికంటే పెద్దదైన అవ్వ తన ఫొటో గేటు పక్కనే ఉండాలని పట్టుబట్టింది.

మర్నాడు పొద్దున వెంచర్ మనుషులు జీపులో దిగారు. ఒక్క మాటా అడగలేదు. కత్తులు తీసి గోడ మీది ముఖాలను కోయసాగారు. కళ్ల మీద, గొంతుల మీద. నేను కెమెరా ఎత్తగానే ఒకడు దాన్ని గుంజుకుని దానితోనే నా ముఖాన కొట్టాడు. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. తర్వాత వాడు అవ్వ ఫొటో వైపు తిరిగి చెంప మీద కత్తి దింపాడు. అవ్వ లేచి వెళ్లి తూకపురాయితో వాడి మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మిగతావాళ్లు ఆమెను జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చి డొక్కలో తన్నారు. ఆడవాళ్లంతా రాళ్లు అందుకున్నాక గానీ వాళ్లు జీపెక్కలేదు.

నేను కుట్లు వేయించుకుని స్టేషన్‌కు వెళ్లేసరికి వాళ్లే ముందు మా మీద కేసు పెట్టి ఉన్నారు. చివరికి పెద్దమనుషులు రాజీ చేయించారు. కోపం దిగమింగుకుని సంతకం పెట్టాను.

మేడ్చల్ ఆసుపత్రిలో అవ్వ పక్కటెముకలు విరిగి పడుకుని ఉంది. ప్రింట్లన్నీ కొత్తగా వేయిస్తానని చెప్పాను. ఆమె నా కుట్ల వైపు చూసింది.

"కొత్తయి ఎందుకు బిడ్డా? కోసింది కోసినట్టే పెట్టు. నా మొకం ఎట్ల గోసిండ్రో అందరు సూడాలె."

గోడను తడిపి ప్రింట్లను జాగ్రత్తగా ఊడదీశాం. నగరంలో ప్రదర్శన పెట్టినప్పుడు ఒక పెద్దాయన ఆ గాట్లను తెగ మెచ్చుకుని, ఏ కత్తి వాడారని అడిగాడు. కోసింది నేను కాదని, జరిగిందంతా చెప్పాను.

బాట ఇప్పటికీ తెరవలేదు. ఆడవాళ్లు రోడ్డుకు అవతలి పక్క కూర్చుంటున్నారు. అవ్వ తన ఫొటో అడిగి తీసుకుని ఇంట్లో పెట్టుకుంది. పిల్లలు జడుసుకుంటున్నారని కోడలు దాని మీద చీర కప్పితే, అవ్వ ఆ చీర తీసి కట్టుకుందట.