తడిసిన సాలు

నా చిన్నప్పుడు రాజోలు అవతల, సముద్రం వైపు, మా తాతయ్యకి కాలువ నీరు ఎక్కని ఇసుక పొలం చెక్క ఒకటి ఉండేది. వాన పడితే పంట, లేకపోతే లేదు. సరుగుడు నాటేసి చేతులు దులుపుకుందామని ఆయన అనుకుంటుండగా, పక్కింటి అక్క వచ్చి ఒక్క పంటకి తనకిమ్మని అడిగింది.

అక్క వ్యవసాయ కాలేజీలో చదివి విత్తనాల ఫారంలో పనిచేసేది. బాగా కాసే నువ్వుల రకాన్నీ, ఎండకి తట్టుకునే రకాన్నీ పూతలో తన చేత్తో పుప్పొడి అద్ది కలిపి తీసిన విత్తనాలు సాలుకో రకం చొప్పున వేసింది. ఎండకి ఏది ఆగుతుందో తేలాలంటే నీళ్లు పెట్టకూడదు, వాన మీదే నిలబడాలి. కాయ పట్టేవేళకి వచ్చి చూస్తాననీ, దండగనిపిస్తే సరుగుడు నాటేస్తాననీ తాతయ్య ముందే చెప్పేశారు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మా మామ్మ ప్రతి ప్రార్థనలోనూ వాన అడిగేది. అక్క అన్నం సరిగా తినడం లేదని వాళ్లమ్మ వాపోయేది. భయంతో నేను ఆ చేను వైపు వెళ్లడమే మానేశాను.

తాతయ్య వస్తానన్న రోజు అక్కా, మామ్మా, నేనూ ముందే వెళ్లాం. అన్ని సాళ్లూ తలలు వాల్చేశాయి, గట్టువారనున్న ఒక్కటి మాత్రం నవనవలాడుతోంది. నేను ఎగిరి గంతేశాను. అక్క నవ్వలేదు. వంగి మొదట్లో ఇసుక గీకింది. లోపల తడి.

మామ్మ దాచలేదు. రోజూ సాయంత్రం నూతి దగ్గర్నుంచి బిందెతో తెచ్చి పోస్తున్నానంది.

"నోరెండిపోతుంటే చూత్తా ఎలా ఊరుకోనే?"

కాలువల మధ్య పుట్టిన మనుషులం. మొక్క వాడితే చెంబు పట్టుకుని పరిగెత్తడం తప్ప మాకింకేం తెలుసు! ఆవిడని ఏమనగలం?

ఇంతలో తాతయ్య వచ్చారు. చూపు నేరుగా ఆ పచ్చటి సాలు మీదే పడింది, మొహం విప్పారింది. నోరు మెదపకపోతే చేను దక్కినట్టే. మామ్మ కళ్లతోనే అక్కని ఊరుకోమంది. నేనూ మనసులో అదే బతిమాలుకున్నాను.

అక్క ఆ సాలులో మొక్కలు పీకడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే, పిందెలతో సహా.

"ఇవి నీళ్లు తాగినవండీ తాతగారూ. వీటిని చూసి నమ్మితే రేపు వానాధారం రైతు మునిగిపోతాడండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత మంకుపట్టు దేనికని అక్క మీద అరవబోయాను.

 అంతలో తాతయ్య వాడిన సాళ్లలోకి దిగి, ఏవైనా బతికాయా అని అడిగారు. ఆకు రాలినా కాయ నిలుపుకున్నవి అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే అక్క చూపించి, ఎండకి నిలిచే విత్తనం ఇదేనంది. అన్నీ కలిపితే గుప్పెడు గింజలు కూడా రావు.

"వచ్చే ఏడూ నువ్వే వేసుకో అమ్మా," అన్నారాయన. "పచ్చగా ఉన్నదాన్ని పీకేసేవు గనక, వీటి గురించి నువ్వు చెప్పింది నమ్ముతున్నాను."

అప్పుడు ఏడ్చింది అక్క.

నాకు లాభం తెచ్చే అబద్ధాలు ఆ తర్వాత చాలాసార్లు ఎదురొచ్చాయి, అవీ ఎవరో ప్రేమతో చేసిపెట్టినవే. ఊరుకుంటే పోలేదా అనిపించినప్పుడల్లా, ఆ రోజు అక్క చేతులే కళ్ల ముందుకొస్తాయి. పిందెలున్న మొక్కల్ని పీకుతూనే పోయాయవి, ఆగలేదు.