అవతలి టీమ్‌కి చప్పట్లు కొట్టించిన మా ప్రసూనక్క

నిన్న పొద్దున ఆఫీసులో లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది. ప్రసూనక్క ఇక లేదని.

ఏ ప్రసూన అని అడిగాను. నాకు తెలిసిన ప్రసూన ఒక్కతే. అయినా అడిగాను.

హార్ట్ ఎటాక్ అట. నిద్రలోనే.

మొన్న శుక్రవారమే కదా మా ఇంట్లో పెసరట్లు తిని, ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో ఏ మ్యాచ్‌కి టికెట్లు ట్రై చేద్దామని నా బుర్ర తినేసి వెళ్ళింది!

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. అక్క కాలేజీలో నాకు సీనియర్. ఇక్కడ దోహాలో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజినీర్. కప్ కోసం ఊరంతా తవ్వేస్తుంటే, ఏ రోడ్డు మూసి ట్రాఫిక్‌ని ఎటు మళ్ళించాలో ప్లాన్ చేయడం ఆవిడ డ్యూటీ. అంటే మనం రోజూ తిట్టుకునే డైవర్షన్లలో సగం అక్క చలవే.

కాలేజీలో బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉండేది. ఉండేది అంటే, బెంచ్ మీద. నాలుగేళ్లూ సబ్‌స్టిట్యూటే. కానీ ఆ బెంచ్ మీంచి అరిచే అరుపు లేడీస్ హాస్టల్ దాకా వినపడేది. ఎవరైనా వెక్కిరిస్తే, "ఆడేవాళ్ళకి వాళ్ళ పేరు వినపడాలే. అప్పుడే కాళ్ళు కదుల్తాయి" అనేది.

మూడేళ్ల క్రితం మన కాలేజీ అమ్మాయిల టీమ్ ఏదో ఇన్విటేషన్ టోర్నమెంట్‌కి ఖతార్ వచ్చింది. మ్యాచ్ దోహా అవతల అల్ ఖోర్‌లో. "పిల్లలు మొదటిసారి విమానం ఎక్కి వస్తున్నారు. వాళ్ళ కోసం అరిచే మనిషి ఒక్కరైనా లేకపోతే ఎలా?" అని అక్క అందరికీ ఫోన్లు చేసింది.

ఐన్ ఖాలిద్‌లో నన్ను, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఇంకో ఇద్దరు జూనియర్లని ఎక్కించుకుని బయల్దేరింది. అందరం మెరూన్ చున్నీలు వేసుకున్నాం. మెరూన్ అంటే మన కాలేజీ రంగు మరి.

దారిలో డైవర్షన్. దాటితే ఇంకో డైవర్షన్. తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే వచ్చాం. "ఈ ప్లాన్ ఎవరిదక్కా?" అన్నాను. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకునే నా నెత్తిన ఒకటిచ్చింది.

చేరేసరికి మ్యాచ్ మొదలైపోయింది. పరుగున లోపలికి వెళ్తే మెరూన్ జెర్సీలు కనపడ్డాయి. ఇక చూడండి, గొంతులు చించుకున్నాం. బాస్కెట్ పడినప్పుడల్లా గెంతాం. పక్కనున్న మలయాళీ అంకుల్ మురిసిపోయి, ఫ్లాస్క్‌లోంచి మాకందరికీ కరక్ చాయ్ పోశాడు.

కాసేపటికి ఆయనే అడిగాడు. "ఆప్ లోగ్ కౌన్సా కాలేజ్?"

చెప్పాం.

ఆయన మొహం అదోలా అయిపోయింది. "వో తో ఉధర్ హై" అని నీలం జెర్సీల వైపు చూపించాడు.

మన కాలేజీ జెర్సీ రంగు ఎప్పుడు మారిందో మాలో ఒక్కరికీ తెలీదు. అప్పటిదాకా మేం అరిచింది కేరళ టీమ్ కోసం!

నవ్వు ఆగలేదు. కానీ అటు చూశాక ఆగిపోయింది. మన పిల్లలు బాగా వెనకబడి ఉన్నారు. వాళ్ళ వైపు కుర్చీలన్నీ ఖాళీ. దోహా సీనియర్లు వస్తున్నారని కోచ్ చెప్పారట. ఎవరూ రాలేదనుకుని పిల్లలు డీలా పడిపోయారు.

మాకైతే మెల్లగా జారుకుందామనిపించింది. అక్క మాత్రం చున్నీ తీసి బ్యాగులో కుక్కి, "యల్లా, పదండి" అంటూ అందరూ చూస్తుండగానే మమ్మల్ని అటువైపుకి నడిపించింది. బ్రేక్‌లో కోచ్ దగ్గరికెళ్ళి పిల్లల పేర్లన్నీ అడిగి తెలుసుకుంది. బెంచ్ మీద ఉన్నవాళ్ళవి ముందు.

సెకండ్ హాఫ్ అంతా పేర్లే. "షాహీన్! స్వాతీ, పరిగెత్తు!" చివర్లో బెంచ్ మీంచి లావణ్య అనే పిల్లని దింపారు. అక్క పిలుస్తూనే ఉంది, ఆ పిల్ల వేసేసింది ఒక బాస్కెట్. అక్క అక్కడే ఏడ్చేసింది.

మ్యాచ్ ఓడిపోయాం. అయినా పిల్లలొచ్చి అక్కని చుట్టేశారు. అక్క ఏమీ దాచకుండా, "రంగు చూసి మోసపోయామర్రా, క్షమించండి" అనేసింది. వాళ్ళు పడీ పడీ నవ్వారు.

ఎంత పెద్ద మనసో అక్కది. ఎంత ధైర్యమో.

ఇక్కడి పేపర్లు పూర్తవగానే అక్కని ఇండియాకి, ఇంటికి పంపిస్తారు. మేమంతా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తాం.

నిన్నటి నుంచి మన కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్‌లు వస్తున్నాయి. ఆ టీమ్ పిల్లలవి. ఇప్పుడు తలా ఒక ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ముందు లావణ్యది వచ్చింది. అందులో ఇంకేం లేదు. గొంతెత్తి "ప్రసూనక్కా!" అని ఒక్క పిలుపు.

తర్వాత షాహీన్‌ది. తర్వాత స్వాతిది. అన్నిట్లోనూ అంతే.

వినపడుతోందా అక్కా? నీ పేరే.

ఇక హాయిగా పడుకో. ఆ దేవుడు నీకు చల్లని చోటివ్వాలి.